పాత ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు పెట్టి పెళ్లి టేపులు ఎక్కించాలి: కెమెరా కాలిపోకుండా ఏం చేయాలి?

గోదారి_స్టూడియో · మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరంలో మాకు ఫొటో స్టూడియో ఉంది. 2001 నుంచి 2010 దాకా నాన్నగారు తీసిన పెళ్లిళ్ల మినీ డీవీ క్యాసెట్లు రెండు బీరువాల నిండా ఉన్నాయి. అప్పట్లో ఇచ్చిన డీవీడీలు చాలామంది ఇళ్లలో పాడైపోయాయి. ఇప్పుడు అసలు టేపు ఉందా అని అడుగుతున్నారు. కొందరికి ఆ పెళ్లిలో కనిపించే తాతయ్య, నాయనమ్మ ఇప్పుడు లేరు. అందుకే ఈ పని ఆలస్యం చేయకూడదని అనుకుంటున్నాను.

టేపులు ఆడించే కెమెరా ఒక్కటే మిగిలింది, బాగానే పనిచేస్తోంది. ఇంట్లో 2009 నాటి ల్యాప్‌టాప్ ఉంది. దాని పక్కన కార్డు పెట్టే వెడల్పాటి స్లాట్ ఉంది. అందులో ఫైర్‌వైర్ (కెమెరాలోని వీడియోను తీగ ద్వారా కంప్యూటర్‌కు పంపే పద్ధతి) కార్డు పెట్టుకుంటే చాలని ఒకరు చెప్పారు. కానీ ఇలాగే చేయబోతే పక్క ఊరి స్టూడియోలో కెమెరా పోర్టు కాలిపోయిందని విన్నాను. ఏ కార్డు కొనాలి, ఎలా పెట్టాలి, దేనికి భయపడాలి? వివరంగా చెప్పగలరు.

పాత_సామాను · మంగళవారం, రాత్రి 10:15

కార్డు కొనే ముందు స్లాట్ ఏదో తేల్చుకోండి. పైకి ఒకేలా కనిపించేవి రెండు రకాలు ఉన్నాయి.

మొదటిది పీసీ కార్డు. పాతవాళ్లు పీసీఎంసీఐఏ అంటారు. వెడల్పు 54 మిల్లీమీటర్లు, లోపల 68 పిన్నులు. దానిలోనే తర్వాత వచ్చిన 32 బిట్ల రూపం కార్డ్‌బస్. ఫైర్‌వైర్‌కు కార్డ్‌బస్ కార్డే కావాలి. కొన దగ్గర చిన్న చిన్న బుడిపెలున్న బంగారు రంగు పట్టీ ఉంటుంది, దాన్ని చూసి గుర్తుపట్టవచ్చు. రెండోది ఎక్స్‌ప్రెస్‌కార్డ్. 2003లో వచ్చింది, 26 పిన్నులు. ఈ కార్డుల్లో 34 మిల్లీమీటర్ల సన్నవి ఉన్నాయి, 54 మిల్లీమీటర్ల ఎల్ ఆకారంవి ఉన్నాయి. వెడల్పాటి కార్డు కూడా పిన్నుల దగ్గర 34 మిల్లీమీటర్లే.

2009 నాటిది కాబట్టి మీది బహుశా ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాటే. అయినా ఊహతో కొనకండి. స్లాట్‌లో దుమ్ము పడకుండా పెట్టే ప్లాస్టిక్ బిళ్ల ఉంటే బయటకు లాగి చూడండి. ఎల్ ఆకారంలో ఉంటే, లేదా సన్నగా ఉంటే ఎక్స్‌ప్రెస్‌కార్డ్. పూర్తి దీర్ఘచతురస్రమైతే పీసీ కార్డు. ఒకదాని కార్డు మరొకదానిలో పనిచేయదు. లోపలి విద్యుత్ మార్గమే వేరు, బలవంతం చేస్తే పిన్నులు వంగుతాయి. వంగిన పిన్ను ఒకటి పక్కదానికి తగిలితే కార్డుతో పాటు బోర్డు కూడా పోవచ్చు.

ఇంకో మాట. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి చిన్న 4 పిన్నుల ఫైర్‌వైర్ పోర్టు ముందే ఉండేది. పక్కన ‘1394’ అనో, ‘ఐలింక్’ అనో రాసి ఉంటుంది. ఒకసారి చూడండి, ఉంటే కార్డే అక్కర్లేదు.

గోదారి_స్టూడియో · మంగళవారం, రాత్రి 10:50

చూశాను, ఆ పోర్టు లేదు. బిళ్ల లాగితే ఎల్ ఆకారంలో వచ్చింది. ఎక్స్‌ప్రెస్‌కార్డే. ధన్యవాదాలు.

విజయ్_ఎడిటింగ్ · బుధవారం, ఉదయం 7:20

ఇంత శ్రమ ఎందుకండీ? పసుపు, ఎరుపు, తెలుపు తీగలు గుచ్చుకునే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం తక్కువ ధరకే వస్తుంది. ఏ ల్యాప్‌టాప్‌కైనా పనిచేస్తుంది. నేను వీహెచ్ఎస్ క్యాసెట్లన్నీ దానితోనే ఎక్కించాను.

లత_లినక్స్ · బుధవారం, ఉదయం 8:05

విజయ్ గారూ, వీహెచ్ఎస్‌కు అది సరైనదే, ఎందుకంటే ఆ టేపులో ఉన్నదే అనలాగ్ సంకేతం. మినీ డీవీ అలా కాదు. టేపు మీదే బొమ్మ అంకెల రూపంలో ఉంటుంది. ఫైర్‌వైర్ తీగ ద్వారా తీస్తే ఆ అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా కంప్యూటర్‌లోకి వస్తాయి. పసుపు తీగతో తీస్తే కెమెరా దాన్ని అనలాగ్‌గా మారుస్తుంది, చవక పరికరం మళ్లీ అంకెలుగా మారుస్తుంది. ఎర్ర పట్టుచీర అంచులు పాకినట్టు కనిపిస్తాయి. రికార్డు చేసిన తేదీ, సమయం కూడా పోతాయి. నాన్నగారు తీసిన పనికి ఆ నష్టం జరగకూడదని నా అభిప్రాయం.

కొన్ని కెమెరాలకు యూఎస్‌బీ పోర్టు కూడా ఉంటుంది. చాలా మోడళ్లలో అది మెమరీ కార్డులోని ఫొటోలు తీసుకోవడానికే. కొన్నింటిలో తక్కువ నాణ్యత వీడియో వస్తుంది. దాన్ని చూసి మోసపోవద్దు.

సర్క్యూట్_శాస్త్రి · బుధవారం, ఉదయం 11:30

గోదారి గారూ, నేను సికింద్రాబాద్‌లో బోర్డుల మరమ్మతు చేస్తాను. పోర్టు కాలిపోయిన కెమెరాలు నా బల్ల మీదకు చాలా వచ్చాయి, అందుకే కొంచెం ఎక్కువే రాస్తున్నాను.

అందరూ ల్యాప్‌టాప్ గురించి భయపడతారు. మీరు కాపాడుకోవాల్సింది కెమెరాను. కార్డు పోతే ఇంకోటి దొరుకుతుంది, ల్యాప్‌టాప్ కూడా దొరుకుతుంది. పనిచేసే మినీ డీవీ కెమెరా ఏటికేడు అరుదైపోతోంది. అందులోని ఫైర్‌వైర్ చిప్ చాలా సున్నితమైనది, మార్చాలంటే అదే మోడల్ బోర్డు ఇంకోటి దొరకాలి.

అది కాలడానికి కారణాలు ముఖ్యంగా రెండు.

ఒకటి, 6 పిన్నుల సాకెట్. కెమెరా వైపు ఉండేది 4 పిన్నులది, అందులో కరెంటు తీగలు ఉండవు, డేటా తీగలే. కార్డు వైపు తరచుగా 6 పిన్నులది ఉంటుంది. ఆ అదనపు రెండు పిన్నులు కరెంటువి, ప్రమాణం ప్రకారం వాటిలో 30 వోల్టుల దాకా ఉండవచ్చు. ఆ సాకెట్ ఒక చివర కోసుగా ఉంటుంది, తిరగేసి పెట్టకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. కానీ పాత కార్డుల్లో దాని రేకు వదులై ఉంటుంది. చీకట్లో, చేత్తో తడుముకుంటూ గట్టిగా నెడితే తిరగేసినా దూరిపోతుంది. అప్పుడు కరెంటు డేటా తీగల్లోకి వెళ్లి నేరుగా కెమెరా చిప్‌ను తాకుతుంది. క్షణంలో పని అయిపోతుంది.

దీనికి ఉపాయం తేలిక. చాలా ఎక్స్‌ప్రెస్‌కార్డ్ ఫైర్‌వైర్ కార్డులకు పక్కన చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది, బయటి అడాప్టర్ పెట్టుకోవడానికి. ఆ సాకెట్‌కు కరెంటు అక్కడి నుంచే వస్తుంది. మీ కెమెరాకు సొంత అడాప్టర్ ఉంది కాబట్టి కార్డు నుంచి కరెంటు అవసరమే లేదు. ఆ రంధ్రాన్ని ఖాళీగా వదిలేయండి. ఎవరైనా ‘పవర్ చాలకపోతే అడాప్టర్ పెట్టు’ అని చెప్పినా పెట్టవద్దు. 4 పిన్నుల సాకెట్ ఉన్న కార్డు దొరికితే ఇంకా మంచిది.

రెండోది చాలామందికి తెలియదు. మన ఇళ్లలో రెండు పిన్నుల అడాప్టర్లు ఎక్కువ. అలాంటి అడాప్టర్‌తో నడిచే ల్యాప్‌టాప్ లోహపు భాగాన్ని వేలితో నిమిరితే సన్నగా జిల్లుమంటుంది కదా? అడాప్టర్ లోపలి వడపోత కెపాసిటర్ ద్వారా వచ్చే లీకేజీ అది. మంచి మీటరుతో కొలిస్తే మెయిన్స్ 230 వోల్టుల్లో సగం దరిదాపుల్లో చూపిస్తుంది. కరెంటు అతి స్వల్పం, మనిషికి ప్రమాదం లేదు. కానీ కెమెరాకు ఒక అడాప్టర్, ల్యాప్‌టాప్‌కు ఇంకో అడాప్టర్ పెట్టి, రెండూ నడుస్తుండగా మధ్యలో తీగ కలిపితే ఆ తేడా అంతా తీగ తగిలిన క్షణంలో సర్దుకుంటుంది. పైరేకు ముందు తగిలితే సరే. ప్లగ్ వంకరగా వెళ్లి డేటా పిన్ను ముందు తగిలితే చిప్‌కు దెబ్బ.

కాబట్టి వరుస ఇలా పాటించండి. కెమెరా ఆపి, దాని అడాప్టర్ గోడ నుంచి తీసేయండి. ల్యాప్‌టాప్ అడాప్టర్ కూడా తీసేయండి, బ్యాటరీ మీద నడవనివ్వండి. ఏదైనా ఎర్త్ ఉన్న లోహాన్ని ఒకసారి ముట్టుకోండి. కార్డును అంచులు పట్టుకుని, సమంగా, టక్కుమనే దాకా లోపలికి నెట్టండి. ఎక్కడైనా అడ్డుపడితే ఆగి బయటకు తీసి చూడండి. తర్వాత తీగ ల్యాప్‌టాప్ వైపు పెట్టండి, ఆ తర్వాత కెమెరా వైపు, దీపం వేసుకుని, ఆకారం చూసుకుని. అన్నీ కలిశాకే అడాప్టర్లు గోడకు పెట్టండి. చివరగా కెమెరాను ప్లే వైపు తిప్పండి. ముగించేటప్పుడు ఇదే వరుస వెనక్కి.

విజయ్_ఎడిటింగ్ · బుధవారం, మధ్యాహ్నం 1:10

శాస్త్రి గారూ, ఎక్స్‌ప్రెస్‌కార్డ్, ఫైర్‌వైర్ రెండూ నడుస్తుండగానే పెట్టుకునేలా తయారుచేసినవే కదా? ప్రమాణంలోనే ఆ వీలు ఉంది. ప్రతిసారీ అన్నీ ఆపమంటే రోజుకు పది టేపులు ఎక్కించేవాడికి కుదరదు.

సర్క్యూట్_శాస్త్రి · బుధవారం, మధ్యాహ్నం 2:00

ప్రమాణంలో వీలు ఉన్న మాట నిజం. కార్డు విషయంలో నాకూ అభ్యంతరం లేదు, ల్యాప్‌టాప్ నడుస్తుండగా పెట్టవచ్చు, తీయవచ్చు. కానీ ప్రమాణం రాసినవాళ్లు కొత్త సాకెట్లు, సరైన ఎర్త్ ఉన్నాయనుకుని రాశారు. మన చేతిలో ఉన్నది పదిహేనేళ్లు దాటిన సాకెట్. పైగా టేపు మార్చడానికి తీగ ఊడదీయనక్కర్లేదు. ఉదయం ఒకసారి కలిపి, సాయంత్రం ఒకసారి విడదీస్తే చాలు. పది టేపులైనా తీగ కదలదు. సాకెట్ అరుగుదల కూడా తగ్గుతుంది.

గోదారి_స్టూడియో · బుధవారం, రాత్రి 9:15

శాస్త్రి గారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. మా ల్యాప్‌టాప్ అడాప్టర్ 3 పిన్నులదే, కెమెరాది రెండు పిన్నులది. అయినా ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఎందుకు?

సర్క్యూట్_శాస్త్రి · బుధవారం, రాత్రి 9:45

గోడ సాకెట్‌లో ఎర్త్ లేనట్టే. మూడో రంధ్రం ఉంటుంది, వెనుక తీగ ఉండదు. పాత భవనాల్లో ఇది మామూలే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. ఇది ఈ పనికి మాత్రమే కాదు, స్టూడియో లైట్లు, గొడుగు స్టాండ్లు లోహంవే కదా, మనుషుల కోసం కూడా కావాలి. ముందు అది చేయించి తర్వాతే టేపు జోలికి వెళ్లండి.

లత_లినక్స్ · గురువారం, ఉదయం 6:50

సాఫ్ట్‌వేర్ వైపు నేను చెబుతాను.

కార్డులో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నది దొరికితే తీసుకోండి. సంగీతం రికార్డు చేసేవాళ్లు ఏళ్ల తరబడి దానినే నమ్మారు. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవారిని చిప్ మీది అక్షరాల ఫొటో పంపమని అడగండి.

విండోస్ 7 అయితే డివైస్ మేనేజర్‌లో ఫైర్‌వైర్ డ్రైవర్‌ను ‘లెగసీ’ అని ఉన్నదానికి మార్చండి, కెమెరాలతో అది కుదురుగా ఉంటుంది. విండోస్ 10లో ఆ డ్రైవర్ లోపల ఉండదు, మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చినదాన్ని వేసుకోవాలి. పవర్ ఆప్షన్లలో ‘లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్’ అన్నదాన్ని ఆపేయండి. లేకపోతే ల్యాప్‌టాప్ కరెంటు ఆదా చేయబోయి కార్డును మధ్యలో నిద్రపుచ్చుతుంది, టేపులో కొన్ని ఫ్రేములు పోతాయి.

నేనైతే విండోస్‌కు బదులు లినక్స్ వాడతాను. డీవీగ్రాబ్ అనే చిన్న ప్రోగ్రామ్ టేపును తనే వెనక్కి తిప్పి, తేదీల వారీగా ముక్కలు చేసి దాస్తుంది. లినక్స్‌లో ఫైర్‌వైర్ విభాగాన్ని 2029 దాకా నిర్వహిస్తామని దాన్ని చూసుకునేవారు ప్రకటించారు. ఆపిల్ మాత్రం 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్‌ను తీసేసింది. కాబట్టి ఎవరైనా మ్యాక్ మీద ఈ పని పెట్టుకుంటే పాత సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేయకుండా ఉంచండి.

గంట టేపుకు సుమారు 13 జీబీ చోటు కావాలి. డిస్క్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదైతే 4 జీబీ దగ్గర ఫైల్ ఆగిపోతుంది, ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ వాడండి.

భద్రత గురించి ఒక్కటి. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ గానీ ఫైర్‌వైర్ గానీ కంప్యూటర్ మెమరీని నేరుగా చదవగలవు, ప్రాసెసర్‌ను అడగకుండానే. ఆ దారిలో పాస్‌వర్డులు దొంగిలించవచ్చని చాలా ఏళ్ల క్రితమే నిరూపించారు. అందుకే ఈ ల్యాప్‌టాప్‌ను టేపుల పనికి మాత్రమే ఉంచండి. బ్యాంకు లావాదేవీలు వద్దు, ఇంటర్నెట్ కూడా తీసేయండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలోనే ముగిసింది.

ఫ్రిస్కో_రమణ · గురువారం, ఉదయం 8:30

టెక్సస్ నుంచి నమస్కారం. మా పెళ్లి 2004లో గుంటూరులో జరిగింది. ఆ టేపు మా దగ్గరే ఉంది. ఇక్కడ ఒక పాత కెమెరా కొన్నాను, టేపు పెడితే నీలం తెర తప్ప ఏమీ రావడం లేదు. కార్డులో లోపమా? ఆన్‌లైన్‌లో ‘యూఎస్‌బీ నుంచి ఫైర్‌వైర్’ అని తీగ కూడా అమ్ముతున్నారు, దానితో కార్డు లేకుండానే అయిపోతుందా?

పాత_సామాను · గురువారం, ఉదయం 9:10

రమణ గారూ, కార్డు తప్పు కాదు. మన దగ్గర తీసిన టేపులు పాల్ పద్ధతివి. అక్కడ అమ్మిన కెమెరాలు ఎన్‌టీఎస్‌సీ అనే వేరే టీవీ పద్ధతివి, చాలావరకు పాల్ టేపును ఆడించవు. పాల్ కెమెరా దొరకాలి, లేదా టేపును ఇక్కడికి పంపి ఎక్కించుకోవాలి.

ఆ తీగ మాత్రం కొనవద్దు, దయచేసి. యూఎస్‌బీ, ఫైర్‌వైర్ రెండూ వేర్వేరు భాషలు. మధ్యలో చిప్ లేని ఉత్త తీగ వాటిని కలపలేదు. పని జరగకపోవడంతో ఆగదు, యూఎస్‌బీలోని 5 వోల్టులు ఏ పిన్నుకు వెళ్తాయో అమ్మినవారికే తెలియదు. కొత్త ల్యాప్‌టాప్‌తో చేయాలంటే, దానికి థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టు ఉంటే ఆ దారి ఒకటి ఉంది. ఆపిల్ గతంలో అమ్మిన రెండు అడాప్టర్లను ఒకదానికొకటి తగిలించాలి. ధర ఎక్కువ, ఇప్పుడు దొరకడం కష్టం.

కర్నూలు_కిరణ్ · గురువారం, సాయంత్రం 4:20

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నా దగ్గరా ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్ ఉంది. యూఎస్‌బీ 3 కార్డు పెట్టాను. పెన్ డ్రైవ్ బాగానే పనిచేస్తుంది. బయటి హార్డ్ డిస్క్ పెడితే టిక్ టిక్‌మని శబ్దం చేసి మాయమవుతుంది. డిస్క్ పాడైనట్టా?

సర్క్యూట్_శాస్త్రి · గురువారం, సాయంత్రం 5:05

కిరణ్ గారూ, వెంటనే తీసేయండి, ఆ శబ్దం డిస్క్ తిరగలేక ఆగిపోతున్నది. లెక్క చూడండి. యూఎస్‌బీ 3 పోర్టు 5 వోల్టుల దగ్గర 0.9 ఆంపియర్ ఇవ్వాలి, అంటే 4.5 వాట్లు. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్‌లో అసలు 5 వోల్టులే లేవు. 3.3 వోల్టుల దగ్గర సగటున ఒక ఆంపియర్, 1.5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంతా కలిపి 4 వాట్లే. కార్డు తన చిప్‌కు కొంత వాడుకుని, మిగిలినదాన్ని 5 వోల్టులకు పెంచి ఇవ్వాలి. ఒక్క డిస్క్‌కే చాలదు.

మీ కార్డుకు పక్కన రంధ్రం ఉంటే, దానితో వచ్చిన యూఎస్‌బీ పవర్ తీగను ల్యాప్‌టాప్ మామూలు పోర్టుకు పెట్టండి. లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి. గమనించండి, గోదారి గారికి ఖాళీగా వదలమన్నాను, మీకు పెట్టమంటున్నాను. అక్కడ కరెంటు కెమెరాకు ముప్పు, ఇక్కడ కరెంటు లేకపోవడం డిస్క్‌కు ముప్పు. ఇంట్లో దొరికిన ఏదో అడాప్టర్ మాత్రం ఆ రంధ్రంలో దూర్చకండి. వోల్టేజీ, లోపలి ధ్రువం కార్డు మీద రాసినదానితో సరిపోవాలి.

గోదారి_స్టూడియో · 12 రోజుల తర్వాత, రాత్రి 8:00

ఎర్త్ వేయించాను. ఇప్పుడు జిల్లుమనడం లేదు. కార్డు, 34 మిల్లీమీటర్లది, ఢిల్లీ నుంచి తెప్పించాను. శాస్త్రి గారు చెప్పిన వరుస కాగితం మీద రాసి బల్ల ముందు అంటించాను. మొదటి టేపు పెట్టగానే కెమెరాను గుర్తించింది. 2003 నాటి ఒక పెళ్లి, మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా, ఒక్క ఫ్రేము పోకుండా వచ్చింది. నాన్నగారు పక్కన కూర్చుని, ఫలానా షాట్‌కు నిచ్చెన ఎక్కాను, ఇక్కడ జనరేటర్ ఆగింది అని చెబుతూనే ఉన్నారు.

ఒక ఇబ్బంది ఉంది. వెడల్పాటి స్లాట్‌లో సన్న కార్డు కదా, ఒక పక్క ఊగుతోంది. తీగ బరువుకు కిందికి వాలితే కెమెరా మాయమవుతోంది. ఇంకా, గంట తర్వాత కార్డు ముట్టుకుంటే బాగా వేడిగా ఉంది. మామూలేనా?

పాత_సామాను · రాత్రి 8:35

ఊగడానికి ప్లాస్టిక్ స్పేసర్ దొరుకుతుంది, ఎల్ ఆకారంలో ఉంటుంది, సన్న కార్డు పక్క ఖాళీని నింపుతుంది. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) పాత ల్యాప్‌టాప్ విడిభాగాలు అమ్మేవారిని అడగండి. ఈలోగా తీగ బరువు కార్డు మీద పడకుండా చూడండి. ల్యాప్‌టాప్ కింద ఒక పుస్తకం, తీగ కింద ఇంకో పుస్తకం, తీగను బల్లకు టేపుతో అంటించండి. కాగితం మడిచి స్లాట్ లోపల కుక్కకండి, అది లోపలే ఉండిపోయి పిన్నుల మీదకు చేరుతుంది.

సర్క్యూట్_శాస్త్రి · రాత్రి 9:00

వేడి మామూలే. లోపల గాలి ఆడదు. వేలు పెట్టి ఉంచగలిగితే భయం లేదు, ఉంచలేనంత కాలితే ఆపండి. ల్యాప్‌టాప్ ఫ్యాన్ దుమ్ము తుడిపించారా? 2009 నాటిదంటే లోపల దుమ్ము పేరుకుని ఉంటుంది. రెండు టేపుల మధ్య కాసేపు విరామం ఇవ్వండి, కెమెరా మోటారుకూ మంచిదే. తెల్లటి బూజు మచ్చలున్న టేపు కనబడితే కెమెరాలో పెట్టవద్దు. హెడ్డుకు అంటుకుంటే తర్వాతి టేపులన్నీ పాడవుతాయి. వాటిని విడిగా ఉంచండి.

గోదారి_స్టూడియో · రాత్రి 9:20

అలాంటివి కొన్ని ఉన్నాయి, పక్కన పెడతాను. చివరగా ఒక్క ప్రశ్న. పని అయ్యాక కార్డును స్లాట్‌లోనే వదిలేయవచ్చా? రోజూ తీయడం, పెట్టడం ఎందుకని.

సర్క్యూట్_శాస్త్రి · రాత్రి 9:30

ల్యాప్‌టాప్ ఆ బల్ల మీదే ఉంటే వదిలేయండి. సంచిలో పెట్టి ఎక్కడికైనా తీసుకెళ్తే మాత్రం తప్పక తీయండి. కొన్ని కార్డులు స్లాట్ బయటకు పొడుచుకుని ఉంటాయి, దెబ్బ తగిలితే లోపలి సాకెట్ బోర్డు నుంచి ఊడుతుంది. తీసేటప్పుడు ముందు క్యాప్చర్ ప్రోగ్రామ్ మూసి, కెమెరా ఆపి, ముందు చెప్పినట్టే అడాప్టర్లు గోడ నుంచి తీసి, తీగ తీయండి. ‘సేఫ్లీ రిమూవ్’ జాబితాలో కార్డు కనిపిస్తే అక్కడ ఆపి తీయండి, కనిపించకపోతే ల్యాప్‌టాప్ ఆపేసి తీయండి. తీసిన చోట ఆ ప్లాస్టిక్ బిళ్ల మళ్లీ పెట్టండి.

లత_లినక్స్ · రాత్రి 9:50

ఎక్కించిన ఫైళ్లు రెండు వేర్వేరు డిస్కుల్లో దాచాకే తర్వాతి బీరువా తెరవండి. టేపులను మాత్రం పారేయకండి.